లెక్కలు వదిలేస్తే జీవశాస్త్రం సాగదు

క్షయ క్రిమి జన్యుపటం 1998లోనే మన చేతికొచ్చింది. సుమారు 4,000 జన్యువులు, 44 లక్షల అక్షరాలు. అయినా రోగి నెలల తరబడి మందులు మింగుతూనే ఉన్నాడు. ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. జన్యువుల జాబితా దొరికినంత మాత్రాన క్రిమి ఆయువుపట్టు దొరకదు. ఒక దారి మూస్తే అది ఇంకో దారి వెతుక్కుంటుంది. ఆ దారులన్నిటినీ కలిపి లెక్కకట్టే శాస్త్రమే సిస్టమ్స్ బయాలజీ.

2008లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఆ క్రిమి ప్రోటీన్లన్నిటినీ కంప్యూటర్‌లో జల్లెడ పట్టారు. దేన్ని ఆపితే క్రిమి చస్తుంది, దాన్ని పోలినది మనిషి ఒంట్లోనూ ఉందా అని ఒక్కొక్కటే వడపోయగా 451 మిగిలాయి. మందు కోసం ఎక్కడ వెతకాలో తేలడం చిన్న విషయం కాదు.

జన్యువుల జాబితా ఒక్కటే చాలదన్న చిక్కు పొలంలోనూ ఉంది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నేతృత్వంలో 2013లో శనగ జన్యుపటం వెలువడింది. 28 వేలకు పైగా జన్యువులు లెక్కతేలాయి. కానీ నల్లరేగడిలో మిగిలిన తేమ మీదే పండాల్సిన శనగకు బెట్టను తట్టుకునే గుణం ఏ ఒక్క జన్యువులోనూ లేదు. వేరు, ఆకు, పూత కాలం, అన్నీ కలిస్తేనే ఆ గుణం.

ఇంత అవసరమైన చదువుకు మన పిల్లల్ని మనమే దూరం చేస్తున్నాం. పదో తరగతి దాటగానే ఎంపీసీ ఒక దారి, బైపీసీ ఒక దారి. లెక్కలంటే భయమున్న పిల్లలకు బైపీసీయే దిక్కని ఇళ్లలో తేల్చేస్తారు. అలా వచ్చిన విద్యార్థికి ఎమ్మెస్సీలో అవకలన సమీకరణాలు, మాత్రికలు ఎదురైతే తప్పు ఆ విద్యార్థిది కాదు. ఆ లెక్కలు లేనిదే ఈ శాస్త్రం లేదు. 525 జన్యువులున్న ఓ చిన్న క్రిమి బతుకంతా కంప్యూటర్‌లో నడిపి చూపడానికి 2012లో స్టాన్‌ఫర్డ్ బృందం 900కు పైగా పరిశోధన పత్రాలు జల్లించి, 28 వేర్వేరు గణిత నమూనాలను ఒక్కటిగా అతకాల్సి వచ్చింది. పైపై పాఠాలతో వచ్చే విద్య కాదిది.

ఆంధ్రప్రదేశ్ 2025-26 నుంచి ఇంటర్‌లో లెక్కలూ జీవశాస్త్రమూ కలిపి చదివే వీలు కల్పించడం మంచి అడుగు. అది కార్పొరేట్ కాలేజీలతో ఆగకుండా మండల కేంద్రంలోని జూనియర్ కాలేజీకీ చేరాలి. అసలు బాధ్యత మాత్రం విశ్వవిద్యాలయాలదే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సిస్టమ్స్ బయాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది. అదే ఊళ్లో జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది, మందుల కంపెనీలున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తమ విశ్వవిద్యాలయాల్లోనూ ఇలాంటి విభాగాలు తెరవాలి. జీవశాస్త్రాల ఎమ్మెస్సీలన్నిటిలో మొదటి సెమిస్టర్ నుంచే గణితం, ప్రోగ్రామింగ్ తప్పనిసరి కావాలి. గణితం, ఇంజనీరింగ్ చదివినవారికి కొన్ని సీట్లు కేటాయించి, ప్రయోగశాలలో పరీక్షనాళిక పట్టడం వారికీ నేర్పాలి. వచ్చే విద్యాసంవత్సరం ప్రవేశ ప్రకటనలోనే ఈ మార్పు కనిపించాలి.