గాజు తొట్టి చేప చెరువుకు చేటు

సుచిత్ర: పట్నం ఇళ్లలో గాజు తొట్టి అందం కోసం కొన్న చేప చెరువులో పడితే ఎంత నష్టమో గ్రామాలలో చాలామందికి తెలియదు. వలలో వింత చేప పడినప్పుడు కొందరు దానిని దెయ్యం చేప అని బెదిరి తిరిగి నీళ్లలోకే విసురుతారు. మరికొందరు నాలుగు రోజులు వింతగా చెప్పుకొని మరచిపోతారు. రెండూ పొరపాటే. ముందుగా ఆ చేప ఏదో గుర్తుపట్టాలి.

అక్వేరియం దుకాణాలలో ‘సక్కర్’ అనీ, ‘ట్యాంక్ క్లీనర్’ అనీ అమ్మే చేప ఇది. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. తొట్టి గోడలకు పట్టిన పాచిని తింటుందని జనం కొంటారు. కొన్నప్పుడు వేలెడంత ఉండే ఈ చేప అడుగుకు మించి పెరుగుతుంది. తొట్టి చాలదు. చంపడానికి చేతులు రావు. ప్రాణం పోయరాదా అన్న దయతో దగ్గరలోని చెరువులో వదిలివేస్తారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

దీనిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మన మార్పు, జెల్ల చేపల ఒళ్లు నున్నగా ఉంటుంది. దీని ఒళ్లు మాత్రం తల నుంచి తోక దాకా ఎముక పలకలు పేర్చినట్లు గరుకుగా ఉంటుంది. నోరు తల కింది వైపు ఉండి, జలగలా అంటుకుంటుంది. వీపు రెక్క తెరచాపలా లేస్తుంది. పక్క రెక్కలకు గట్టి ముళ్లు ఉంటాయి. ఒంటి మీద మచ్చలో, మెలికల చారలో ఉంటాయి. నీటి నుంచి తీసినా గంటల తరబడి చావదు.

వింతగా కనిపించిన ప్రతి చేపా చెడ్డది కాదు. మార్కెట్లో దొరికే రూప్‌చంద్‌ను చూసి పిరానా అని హడలిపోయేవారు ఉన్నారు. అది మనుషులు పెంచి తినే పాకు చేప. అందుకే పుకార్లు కాదు, ఆనవాళ్లు తెలియాలి.

సక్కర్ వలన కలిగే నష్టం మూడు విధాలు. దాని ముళ్లు వలలో చిక్కుకుంటే వల కోయక తప్పదు. గుడ్లు పెట్టడానికి గట్లలో మీటరుకు పైగా లోతుగా బొరియలు తవ్వుతుంది కనుక మట్టి గట్టు కోతకు గురవుతుంది. పాచిని, అడుగు మేతను తినివేసి రవ్వ, బొచ్చ చేపలకు తిండి తగ్గిస్తుంది. ఇన్ని నష్టాలు చేసే ఈ చేపను మన అంగట్లో కొనే నాథుడు లేడు. మెక్సికోలోని ఇన్ఫియర్నిల్లో జలాశయంలో తిలాపియా చేపల మీద బతికిన జాలరులు దీని బెడదతో ఎంతో నష్టపోయారు.

అది ఎక్కడో దూరదేశపు కథ అనుకోవడానికి వీలు లేదు. తూర్పు కనుమల ప్రాంతంలోని సుమారు 60 శాతం జలవనరులలోకి ఈ చేప పాకినట్లు హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు 2025లో వెల్లడించారు. చేపను పట్టకుండానే, చెరువు నీటిలో కలిసిన దాని డి.ఎన్.ఎ. ఆనవాళ్లను పరీక్షించి వారు ఈ సంగతి తేల్చారు.

సుచిత్ర చౌరస్తా నుంచి మేడ్చల్ దాకా రోడ్డు పొడవునా కాలనీలు వెలిశాయి. వాటి పక్కనే జీడిమెట్ల ఫాక్స్ సాగర్, ఆపైన మేడ్చల్, శామీర్‌పేట చెరువులు ఉన్నాయి. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీరు, నీటితో పాటు చేప, దిగువ చెరువుకు చేరుతాయి. ఒక ఇంటివారు చేసిన పనికి నాలుగు ఊళ్ల బెస్త, ముదిరాజ్ కుటుంబాలు నష్టం భరించవలసి రావడం న్యాయం కాదు.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. అయినా దొంగచాటు పెంపకం ఆగలేదు. కాగితం మీది ఉత్తరువు ఒక్కటే చాలదని దీని వలన తెలుస్తున్నది. మత్స్యశాఖ వారు చెరువు కట్టల మీద, మత్స్య సహకార సంఘాల కార్యాలయాలలో ఈ చేప బొమ్మతో బోర్డులు పెట్టాలి. వలలో పడిన సక్కర్‌కు కిలోకు ఇంత అని సంఘాల ద్వారా చెల్లిస్తే జాలరులే వెతికి పడతారు. అమ్మిన దుకాణాలవారు, పెరిగిన చేపను తిరిగి తీసుకొనే ఏర్పాటు చేయాలి.

వలలో పడిన దానిని నీళ్లలోకి విసరక, ఫొటో తీసి మత్స్యశాఖకు తెలిపి, చెరువుకు దూరంగా పూడ్చివేయడం జాలరుల వంతు. తొట్టి చేపను చెరువులో వదలకుండా ఉండడం పట్నవాసుల వంతు. ఒక చేప మీద చూపే దయ చెరువంతటికీ శాపం కారాదు.