ఎత్తు పెంచే ముందు లోతు చూడాలి!

వాహనాలకు ‘లిఫ్ట్’.. ఎవరికి మేలు? ఎవరికి చేటు?

సిద్దిపేట: ఒకవైపు రేగడి నేలల్లో పొలం బాటలు.. మరోవైపు నాలుగు వరుసల రాజీవ్ రహదారి. సిద్దిపేట జిల్లాలో ఒకే వాహనం ఒకే రోజున ఈ రెండింటిపైనా నడవాల్సి వస్తుంది. తొగుట, మిరుదొడ్డి ప్రాంతాల్లో బురద దాటిన బండే గంట తిరగకముందే దుద్దెడ టోల్‌గేటు మీదుగా హైదరాబాద్ వైపు పరుగు తీస్తుంది. థార్, జిమ్నీ, గూర్ఖా వంటి వాహనాలు కొన్నవారికీ, పాత జీపులను ముచ్చటపడి బాగు చేయించుకునేవారికీ ‘మరో రెండు అంగుళాలు ఎత్తు పెంచితే?’ అన్న ఆలోచన రావడం సహజమే. అయితే ఎత్తు పెంచడం అలంకరణతో పోయే వ్యవహారం కాదు. బండి నడత, ప్రయాణికుల భద్రత, చట్టం.. మూడూ దానితో ముడిపడి ఉన్నాయి. జిల్లా దారులను, వాహనాల కొలతలను పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కువమందికి ఆ ఖర్చు అనవసరమనే తేలుతుంది.

రెండు పద్ధతులు.. రెండు ఫలితాలు

ఎత్తు పెంచడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది బాడీ లిఫ్ట్. ఛాసిస్‌కు, దానిపై కూర్చున్న బాడీకి మధ్య గట్టి దిమ్మెలు పెట్టి బాడీని మాత్రమే పైకి లేపుతారు. ఇంజిన్, గేరుబాక్సు, ఛాసిస్ ఉన్నచోటే ఉంటాయి. కనుక రాయి తగిలే చోటు అంగుళం కూడా పైకి లేవదు. పెద్ద టైర్లు రాసుకోకుండా మడ్‌గార్డుల కింద చోటు దొరకడమే దీని ప్రయోజనం. ఖర్చు తక్కువ, స్ప్రింగుల జోలికి వెళ్లనవసరం లేదు. కానీ స్టీరింగ్ రాడ్డు, గేరు లివర్, డీజిల్ గొట్టం, బ్రేకు పైపులు, వైర్లు కొత్త ఎత్తుకు సరిపోతున్నాయో లేదో ఒక్కొక్కటిగా చూడాలి. ఛాసిస్, బాడీ ఒకటిగా ఉండే క్రెటా వంటి వాహనాలకు ఈ పద్ధతి అసలే కుదరదు.

రెండోది సస్పెన్షన్ లిఫ్ట్. పొడవైన స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు అమర్చి ఛాసిస్‌తో సహా బండినంతటినీ పైకి లేపుతారు. సరైన సామగ్రితో చేస్తే చక్రం పైకీ కిందికీ ఎక్కువగా కదులుతుంది, గుంతల్లో నేలను విడవకుండా పట్టుకుంటుంది. ఉన్న స్ప్రింగుల కిందే స్పేసర్లు పెట్టి ‘సస్పెన్షన్ లిఫ్ట్’ అనిపించుకునేవీ ఉన్నాయి. వీటితో ఎత్తు వస్తుంది తప్ప చక్రం కదలిక పెరగదు. పాత జీపులకు, సరకు వాహనాలకు కమాను పట్టీలు అదనంగా ఎక్కించడం కూడా ఇలాంటిదే. బరువు మోస్తుంది కానీ ఖాళీగా వెళ్తున్నప్పుడు ఎగిరెగిరి పడుతుంది.

అసలు అడ్డు ఎక్కడ?

రాళ్ల దారిలోనైనా, ట్రాక్టర్లు లోతుగా కోసిన బాటలోనైనా ముందుగా తగిలేది ఇరుసు మధ్యలో గుండులా ఉండే డిఫరెన్షియల్. జిమ్నీకి ముందూ వెనుకా, 2020లో వచ్చిన కొత్త థార్‌కు వెనుక భాగంలో దృఢమైన ఇరుసులే ఉన్నాయి. ఇరుసు చక్రాలతోపాటే ఉంటుంది గనుక బాడీ లిఫ్ట్ చేసినా, సస్పెన్షన్ లిఫ్ట్ చేసినా ఆ గుండు ఉన్న ఎత్తులోనే ఉంటుంది. దానిని పైకి లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. థార్ ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి. అక్కడ డిఫరెన్షియల్ ఛాసిస్‌తోపాటు లేస్తుంది. కానీ చక్రాలను తిప్పే షాఫ్టులు ఏటవాలుగా మారి, వాటి కీళ్లు, రబ్బరు తొడుగులు త్వరగా అరుగుతాయి.

టైరు లెక్క ఏం చెబుతోంది?

జిమ్నీకి కంపెనీ ఇచ్చే టైరు 195/80 ఆర్15. లెక్క కడితే దాని మొత్తం ఎత్తు 693 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 235/75 ఆర్15 వేస్తే ఎత్తు 733 మిల్లీమీటర్లకు చేరుతుంది. తేడా 40 మిల్లీమీటర్లు కనిపిస్తున్నా ఇరుసు లేచేది అందులో సగం, అంటే 20 మిల్లీమీటర్లే. ఈ కొద్దిపాటి లాభానికి స్పీడోమీటర్ తప్పు చూపడం మొదలవుతుంది. చక్రం చుట్టుకొలత పెరగడంతో మీటరు 80 కిలోమీటర్లు చూపుతున్నప్పుడు అదివరకటి కంటే దాదాపు 6 శాతం ఎక్కువ వేగంతో వెళ్తుంటాం. ఇంజిన్‌పై, బ్రేకులపై భారమూ పెరుగుతుంది.

నిలకడకు దెబ్బ

పక్కకు బోల్తా పడకుండా నిలిచే శక్తిని ఒక చిన్న భాగాహారంతో అంచనా వేస్తారు. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని, బండి బరువు కేంద్రం ఉన్న ఎత్తుతో భాగిస్తారు. ఉదాహరణకు చక్రాల మధ్య దూరం 1500, బరువు కేంద్రం ఎత్తు 700 మిల్లీమీటర్లు అనుకుంటే వచ్చేది 1.07. ఆ కేంద్రం మరో 50 మిల్లీమీటర్లు లేస్తే అది 1.00కు పడిపోతుంది. అంటే దాదాపు 7 శాతం నిలకడ పోయినట్లే. పొలం బాటలో 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఈ తేడా తెలియదు. రాజీవ్ రహదారిపై ఎదురుగా పశువు అడ్డొచ్చి స్టీరింగ్ ఒక్కసారిగా కోసినప్పుడు అదే ప్రాణాల మీదకు తెస్తుంది. ఈ విషయంలో బాడీ లిఫ్ట్ కొంత మెరుగు. ఇంజిన్, ఛాసిస్ బరువు కిందనే ఉంటుంది గనుక బరువు కేంద్రం అంతగా లేవదు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. కేరళకు సంబంధించిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టంలోని 182-ఎ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. బండి ముందు ఇనుప గార్డులపై 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసిన లేఖకూ 52వ సెక్షనే ఆధారం. అమ్మే దుకాణంలో ‘అందరూ వేయించుకుంటున్నారు’ అన్న మాట తనిఖీ అధికారి ఎదుట చెల్లదు. ప్రమాదం జరిగితే, తెలియజేయని మార్పులను చూపి బీమా సంస్థ పరిహారానికి అడ్డు చెప్పే ప్రమాదమూ ఉంది. కనుక పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయంలో, బీమా సంస్థ వద్ద రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

వాగు వద్ద భ్రమ వద్దు

వానాకాలంలో కూడవెల్లి, మోయతుమ్మెద వాగులు పొంగినప్పుడు ఎత్తయిన బండి ఉందన్న ధీమాతో దిగడం మరో ముప్పు. థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో వెళ్లగలదని కంపెనీ చెబుతోంది. అది నిలకడగా ఉన్న నీటి లెక్క. రెండడుగుల లోతులో ఉద్ధృతంగా పారే నీరు పెద్ద వాహనాలను సైతం కొట్టుకుపోయేలా చేయగలదు. ఏ లిఫ్టూ ఆ ప్రవాహం నుంచి కాపాడదు.

ఎవరికి ఏది?

రోజూ తారురోడ్డు, అప్పుడప్పుడు పొలం బాట ఉన్నవారికి థార్‌లోని 226, జిమ్నీలోని 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ చాలు. డబ్బు పెట్టదలిస్తే కంపెనీ చెప్పిన కొలతలోనే బురదకు పనికొచ్చే మంచి టైర్లు తీసుకోవాలి. బురదలో గాలి కొంత తగ్గించి, రహదారి ఎక్కేముందు తిరిగి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్, లాగడానికి గట్టి తాడు వెంట ఉంచుకోవాలి. రాళ్ల దారిలో తరచూ తిరిగేవారు అడుగున రక్షణ పలక వేయించుకోవచ్చు. ఇవన్నీ చేశాక కూడా స్ప్రింగులు అణిగిపోయి అడుగుభాగం తగులుతుంటే, అప్పుడు అనుమతితో పరిమిత సస్పెన్షన్ లిఫ్ట్ గురించి ఆలోచించాలి. పెద్ద టైర్లకు చోటు కావాలంటే తప్ప బాడీ లిఫ్ట్‌తో ఒరిగేదేమీ లేదు.

ఎత్తయిన బండి చూపరులను ఆకట్టుకోవచ్చు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని సంక్రాంతి తర్వాత కొమురవెల్లి మల్లన్న జాతరకు బయలుదేరే రోజున మాత్రం యజమానికి కావాల్సింది నిలకడగల బండి. చెల్లింపు రసీదు చేతికి రాకముందే ఆ ఆలోచన చేయడం మంచిది.