బట్టమేక పిట్టయు మన బీడు భూములును

వన్యమృగ సంరక్షణ మనగానే మన విద్యార్థుల మనస్సు ఆఫ్రికా ఖండమునకు పరుగిడును. అది సహజమే. కెన్యా దేశమున లైకిపియా సీమలో ఓల్ పెజెటా అను సంరక్షణ క్షేత్రము కలదు. దాని విస్తీర్ణము సుమారు 90,000 ఎకరములు. ఉత్తర ప్రాంతపు తెల్ల ఖడ్గమృగములలో కడపటి మగది, సూడాన్ అను పేరుగలది, 2018 మార్చి నెలలో అచ్చటనే మరణించెను. దాని కూతురును, మనుమరాలును మిగిలినవి. వానికి రేయింబవళ్లు ఆయుధపాణులగు కావలివారు కాపుందురు. లోకమునందలి నలుదిక్కుల నుండియు జనులు పోయి, ఆ రెండు మృగములను చూచి, జాలిపడి వత్తురు.

ఆ జాలి మెచ్చదగినదే. కాని అట్టి దుఃఖమే మన వాకిటను జరుగుచుండగా మన మెఱుగకుండుట మెచ్చదగినది కాదు. మన నంద్యాల జిల్లాలో నందికొట్కూరునకు సమీపమున, మిడుతూరు మండలమున, రోళ్ళపాడు అను గ్రామము కలదు. అచ్చటి గడ్డిభూమి వన్యప్రాణుల అభయారణ్యము. డోన్ నుండి ఉదయము బయలుదేరిన వారు దానిని చూచి రాత్రికి ఇల్లు చేరవచ్చును. అయినను మన పాఠశాలలలో ఆ పేరు వినినవా రెందఱు?

ఆ అభయారణ్యము ఏర్పడినది ఒక్క పక్షి కొఱకు. దానిని మన పెద్దలు బట్టమేక పిట్ట యందురు. అది ఇంచుమించు ఒక మీటరు ఎత్తుండును. మగపక్షి 15 కిలోల వఱకు తూగును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైన వానిలో ఇది యొకటి. మిడుతలను, పురుగులను, గింజలను తిని జీవించును. ఇది చెట్టుమీద గూడు కట్టదు. బయటి నేలమీదనే సాధారణముగా ఏడాదికి ఒక్క గ్రుడ్డు పెట్టును. ఆ గ్రుడ్డును కుక్కయో, నక్కయో, పశువు గిట్టయో నాశము చేసెనా, ఆ యేటి సంతానము పోయినట్లే. ఇట్టి ప్రాణి వేటగాని తుపాకికిని, నేటి విద్యుత్తు తీగెలకును ఎట్లు తాళగలదు? దాని చూపు ఎదుటి తీగెలను దూరము నుండి పోల్చుకొనజాలదు. బరువైన దేహము చప్పున ప్రక్కకు తిరుగజాలదు.

1980వ దశాబ్దమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు రోళ్ళపాటిలో నిలిచి ఈ పక్షిని శ్రద్ధతో పరిశీలించిరి. 1988లో ప్రభుత్వము 614 హెక్టార్ల నేలను అభయారణ్యముగా ప్రకటించెను. చట్టము వచ్చెను, కావలి వచ్చెను. కాని పక్షి నిలువలేదు. నేడు దానిని చూడవలెనని పోయినవారు సాధారణముగా చూడకయే తిరిగి వచ్చెదరు. దేశమంతటను మిగిలినవి సుమారు 150 మాత్రమే యని అంచనా. అందు పెక్కులు రాజస్థానమున నున్నవి.

కారణమేమి? హద్దురాళ్ల నడిమి నేలను మాత్రమే మనము కాపాడితిమి. పక్షికి హద్దురాళ్లు తెలియవు. చుట్టుపట్లనున్న మెట్ట చేలును, పశువులు మేయు బయళ్లును, జొన్న, కొఱ్ఱ పండు పొలములును దానికి ఇల్లే. కాలువ నీరు వచ్చిన పిమ్మట మెట్ట మాగాణి యయ్యెను, బయళ్లు దున్నబడెను. ఇందు రైతును నిందించుట అన్యాయము. కఱవు సీమకు నీరు దైవప్రసాదము. నిందింపదగినది మన భాషలోని యొక మాట. చెట్టులేని, పైరులేని నేలను మనము “బీడు” అందుము. దస్తరములలో “బంజరు” అని వ్రాయుదుము. ఆ మాట వ్రాసిన దినముననే ఆ నేలకు యజమానులు లేరని తీర్మానించినట్లయినది. దున్నుటకు, త్రవ్వుటకు, యంత్రములు నిలుపుటకు అది మొదట కనబడును. అచ్చట గొఱ్ఱెలు మేపుకొను కాపరికిని, గ్రుడ్డు పెట్టుకొను పక్షికిని నోరు లేదు.

చెట్లు నాటుట పుణ్యమని మన బాలురకు బోధింతుము. ఊరిలోను, బాటప్రక్కను, పాఠశాల ఆవరణమునను అది పుణ్యమే. కాని గడ్డిభూమి నడుమ చెట్లు నాటుట, బట్టమేక పిట్ట యింటిని కూల్చి తోట వేయుట వంటిది. అది నలుదిక్కులు కనబడు బయలునందే నిర్భయముగా జీవించును. అడవి యొక సంపద. గడ్డినేల మఱియొక సంపద. ఒకదాని పేరిట రెండవదానిని పోగొట్టుట వివేకము కాదు.

“మనుష్యుని ఆకలి తీరిన పిదప గదా పక్షి సంగతి” యని కొంద ఱందురు. ఈ మాటను త్రోసివేయరాదు. రోళ్ళపాటిలో కృష్ణజింకలు వృద్ధినొంది, చుట్టుపట్ల పైరులను మేయగా రైతులు నష్టపడిరి. ఆ నష్టమును రైతే భరింపవలె ననుట ధర్మము కాదు. జింకను చూచి సంతసించు వారమందఱమును దాని మేతకు వెల యియ్యవలెను. పరిహారము సకాలమున అందవలెను. ఓల్ పెజెటాలో వన్యమృగములతోపాటు పశువుల మందలను కూడ పెంచుదురు. మనుష్యుని బ్రదుకును మృగముల బ్రదుకును ఒకే నేలమీద సాగవచ్చునని అది చూపుచున్నది.

మన సీమలోను ఇందుకు దృష్టాంతము కలదు. కలివికోడి యను పక్షిని 1900లో మిషనరీ యగు క్యాంబెల్ దొర అనంతపురము ప్రాంతమున చూచెను. అటుపిమ్మట అది నశించినదనియే లోకము తలంచెను. 1986లో కడప జిల్లాలో అది మరల కనబడెను. పండితులు వెదకిన దానిని మొదట చిక్కించుకొనినవాడు ఆ పొదలనెఱిగిన యొక స్థానికుడు. ఆ పక్షి కొఱకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము వెలసెను. తెలుగుగంగ కాలువ దారియు మార్చబడెను. నీరును రావచ్చును, పక్షియు నిలువవచ్చును. ముందుగా ఆలోచించువారు కావలెను.

రాజస్థానమున జైసల్మేరు ప్రాంతమందు 2019 నుండి బట్టమేక పిట్ట గ్రుడ్లను సేకరించి, పిల్లలను పొదిగించి పెంచుచున్నారు. అది నోవహు ఓడ వంటి కార్యము. కాని ఆ కథలో ఓడతోనే రక్షణ ముగియలేదు. బయటికి విడిచిన పావురమునకు కాలు మోపుటకు ఆరిన నేల కావలసి వచ్చెను. పెంచిన పక్షులను రేపు విడువవలసినప్పుడు, దక్షిణదేశమున వాలుటకు నేల యేది? రోళ్ళపాటి గడ్డినేల నేడు శూన్యముగ నున్నదని విడిచిపెట్టుదుమేని, రాబోవు అతిథికి ముందుగానే తలుపు మూసినవార మగుదుము.

కావున మన పాఠశాలవారికి నా విన్నపము. ఏటేట విహారయాత్రలకు దూరపు పట్టణములనే యెన్నుకొనక, ఒకమాఱు శీతకాలమున బాలబాలికలను రోళ్ళపాటికి కొనిపోవలెను. బట్టమేక పిట్ట కనబడకపోవచ్చును. కాని కృష్ణజింకల మందలు కనబడును. ఉత్తర దేశముల నుండి వలస వచ్చిన పిల్లిగద్దలు ప్రొద్దు గ్రుంకు వేళ గుంపులుగా గడ్డిలో దిగుట కనబడును. కనబడని పక్షి చోటును చూచుటయు నొక పాఠమే. తలిదండ్రులును, తాతలును తాము చిన్ననాట మెట్ట చేలలో చూచిన పక్షుల పేర్లను పిల్లలకు చెప్పవలెను. పిల్లలు వానిని వ్రాసికొనవలెను. పేరు మఱచిన ప్రాణిని కాపాడు జాతి యెచ్చటను లేదు.

విద్యార్థులారా! ఇక మీదట డోన్ నుండి రైలులోనో, బస్సులోనో పోవునపుడు కిటికీ వెలుపల చెట్టులేని బయలు కనబడినచో, “ఏమియు లేదు” అనకుడు. అచ్చట ఎవరు కాపురముండిరో, ఇంకను ఎవరున్నారో అడుగుడు. ఆ ప్రశ్నను మఱువని పిల్లలు పెద్దవారై కచ్చేరీలలో కూర్చుండిన నాడు, “బంజరు” అని వ్రాయబోవుచు కలమును ఒక్క క్షణ మాపుదురు. ఒక పక్షిజాతి బ్రదుకుట కా క్షణమే ఆధారము కావచ్చును.