అతుకులు కనిపించని పటమే సరైన పటమా?

ప్రయోగ మడుల పరిశీలనలో, పైరు స్థితి అంచనాలో డ్రోన్ల వినియోగం పెరుగుతున్నది. ఒక్కసారి ఎగిరిన డ్రోన్ వందల కొద్దీ చిత్రాలను తెస్తుంది. కంప్యూటర్ ప్రోగ్రాము వాటిని కూర్చి, పొలమంతటినీ ఒకే పెద్ద పటంగా మలచిన తరువాతే విశ్లేషణ మొదలవుతుంది. ఈ కూర్పును యాంత్రికమైన పనిగా భావించి, వచ్చిన పటాన్ని ఛాయాచిత్రంగా స్వీకరించడం సరికాదు. ఆ పటం గణన ఫలితం. ప్రతి గణన ఫలితం వలెనే అది కూడా పరీక్షకు నిలవాలి.

పక్కపక్క చిత్రాలలోని ఉమ్మడి బిందువులను గుర్తించి, కెమెరా స్థానాలను, నేల ఎత్తుపల్లాలను ప్రోగ్రాము లెక్కిస్తుంది. అందుకే ఒకే వరుసలోని చిత్రాల మధ్య 75–80 శాతం, పక్క వరుసల మధ్య 60–70 శాతం అతివ్యాప్తి ఉండేలా డ్రోన్‌ను నడపడం ఆనవాయితీ. అయితే దట్టంగా కమ్ముకున్న వరి పొలం ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. గాలికి ఆకులు కదులుతుంటాయి. బిందువులు సరిగా కుదరనిచోట పటంలో ఖాళీలు, వంకరలు ఏర్పడతాయి. ఒకే మొక్క రెండుచోట్ల కనిపించవచ్చు. అటువంటి పటంపై మొక్కల సంఖ్యను లెక్కిస్తే ఆ సంఖ్యకు విలువ ఉండదు.

రంగుల విషయం మరింత సున్నితమైనది. అతుకులు కనిపించకుండా చేయడానికి ప్రోగ్రాము చిత్రాల వెలుగును, రంగును సర్దుతుంది. పటం కంటికి ఇంపుగా ఉంటుంది గాని, ఆకుపచ్చదనపు విలువలు మారిపోతాయి. నత్రజని లోపంతో పాలిపోయిన భాగం ఈ సర్దుబాటులో మరుగున పడవచ్చు. కనుక వృక్ష సూచికలను లెక్కించదలచినపుడు, ఎగరడానికి ముందు, తరువాత ప్రామాణిక పరావర్తన ఫలకాన్ని చిత్రీకరించి, రంగుల సర్దుబాటును నిలిపివేయడమే మేలు. అతుకులు కనిపించినా నష్టం లేదు.

పటం పరిమాణం మూడవ చిక్కు. పిక్సెల్‌కు 1 సెంటీమీటరు చొప్పున ఎకరానికి సుమారు 4 కోట్ల పిక్సెళ్లు వస్తాయి. 100 ఎకరాలకు 400 కోట్లు. మూడు రంగులకు కలిపి దాదాపు 12 గిగాబైట్లు. జేపెగ్ ఫైలు ఒక్కో వైపు 65,535 పిక్సెళ్లను మించలేదు. సాధారణ టిఫ్ ఫైలు 4 గిగాబైట్లను దాటలేదు. ఇంత పటాన్ని ఒక్కసారిగా మెమరీలోకి తీసుకోబోయి కంప్యూటర్ ఆగిపోతే, విద్యార్థులు పటాన్ని కుదిస్తారు. దానితో చిన్న మొలకలు అదృశ్యమవుతాయి. ఈ నష్టం అనవసరం. పటాన్ని చిన్న పలకలుగా విభజించి చదివి, రాసి, బిగ్‌టిఫ్ రూపంలో భద్రపరచవచ్చు. భౌగోళిక నిర్దేశాంకాలున్న ముక్కలను జీడాల్ సాధనంతో, అసలు ఫైళ్లను కదపకుండానే, ఒకే పటంగా చూపవచ్చు. ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా అందుబాటులో ఉన్నది.

విస్తరణ శాస్త్రవేత్తకు కోడ్‌తో పనేమిటన్న ప్రశ్న సహజమే. అల్గారిథమ్‌ను రచించడం ఆయన బాధ్యత కాదు. ఏమి జరిగిందో చెప్పగలగడం మాత్రం ఆయన బాధ్యతే. బటన్లు నొక్కి చేసిన పని జ్ఞాపకంలో మిగలదు. కోడ్ ప్రతి మెట్టునూ నమోదు చేస్తుంది, మరొకరు దానిని తిరిగి నడిపి సరిచూడగలరు. కాబట్టి అసలు చిత్రాలను, ఎగిరిన ఎత్తును, అతివ్యాప్తిని, వాడిన కోడ్‌ను పటంతో పాటు భద్రపరచాలి. గణనలో వాడని కొన్ని నేల బిందువులతో పటం ఖచ్చితత్వాన్ని సరిచూసి, ఆ దోషాన్ని వ్యాసంలో ప్రకటించాలి.

పటాన్ని సరిచూసే అవకాశం రైతుకు లేదు. దానిని నమ్మి ఎరువు వేసేది, ఖర్చు భరించేది మాత్రం ఆయనే. ఆ పరీక్షను పటం పొలానికి చేరకముందే శాస్త్రవేత్త పూర్తి చేయాలి.