హాజరు పిలిచే కావలివాడు

పిల్లలూ! పరీక్షాఫలితాలు వచ్చిన రోజున మీ అన్నయ్యో, అక్కయ్యో ఫోను ముందు కూర్చుని నెంబరు కొట్టటం మీరు చూసే వుంటారు. ఆ నెంబరుకు జవాబు చెప్పేది ఎక్కడో దూరాన వున్న సర్వరు అనే కంప్యూటరు. దానిలో రాత్రింబవళ్ళు పనిచేసే ప్రోగ్రాములను సర్వీసులంటారు. వాటిలో ఒకటి అర్ధరాత్రివేళ ఆగిపోయిందనుకోండి. చూసేదెవరు? మనుషులు నిద్రపోతూ వుంటారు గదా!

అందుకని స్క్రిప్టు అనే ఆదేశాల చీటీ ఒకటి రాసిపెడతారు. అది నిమిషానికొకసారి లేచి, తరగతిలో హాజరు పిలిచినట్టు, "ఫలానా సర్వీసూ, వున్నావా?" అంటుంది. పలికితే సరే. పలకకపోతే దాన్ని మళ్ళీ మొదలుపెట్టి, ఆ సంగతిని వేళతో సహా లాగు అనే చిట్టాలో రాస్తుంది.

ఇక్కడొక చిక్కున్నది. "ప్రెజెంట్ సార్!" అన్న కుర్రవాడి మనసు మామిడితోపులో వుండవచ్చు. (అటువంటి వాళ్ళను నేను ఏళ్ళ తరబడి చూశాను.) ప్రోగ్రాములూ అంతే. జాబితాలో పేరుంటుంది, పని మాత్రం జరగదు. కాబట్టి మంచి స్క్రిప్టు పేరు పిలిచి ఊరుకోదు. చిన్న ప్రశ్న వేసి, సరైన జవాబు వచ్చిందా అని చూస్తుంది.

మరి, లేపినకొద్దీ పడిపోతూ వుంటే? లినక్సు యంత్రాలలో సిస్టమ్‌డీ అనే కావలివాడున్నాడు. మనం వేరే చెప్పకపోతే, 10 సెకండ్లలో 5 సార్లు మొదలుపెట్టి చూసి, ఆపైన మానుకుంటాడు. తిరిగి మొదలుపెట్టటం జ్వరానికి తడిగుడ్డ వేయటం వంటిదే. జ్వరం ఎందుకు వచ్చిందో వేరే వెతకాలి.

1997 జూలై 4న పాత్‌ఫైండర్ అనే అమెరికా నౌక కుజగ్రహం మీద దిగినది. కొద్దిరోజులకే దాని కంప్యూటరు వున్నట్టుండి ఆగి, మళ్ళీ మొదటినుంచి మొదలుకాసాగినది. ఒక ముఖ్యమైన పని వేళకు ముగియకపోతే అలా చేయమని దానిలోని కావలివాడికి ఆజ్ఞ. అలా జరిగినప్పుడల్లా ఆనాటి మిగిలిన పనులు మర్నాటికి వాయిదాపడేవి. కుజుడి మీదికి మెకానిక్కును పంపలేము గదా! ఇంజనీర్లు భూమి మీద అటువంటి కంప్యూటరులోనే ఆ తప్పును తిరిగి రప్పించి, కారణం పట్టుకున్నారు. ఒక చిన్నపని అందరికీ కావలసిన తాళంచెవిని పట్టుకుని వున్నది. దాన్ని ముగించనీయకుండా మధ్యరకం పనులు అడ్డు వస్తున్నాయి. తాళంచెవి కోసం పెద్దపని కాచుక్కూర్చున్నది! తాళంచెవి చేతిలో వున్నంతసేపూ చిన్నపనికి పెద్దపని హోదా ఇమ్మని రేడియోద్వారా మార్పు పంపారు. అంతటితో ఆ గొడవ తీరినది. నెలరోజులు పనిచేస్తే చాలుననుకున్న నౌక సెప్టెంబరు 27 దాకా కబుర్లు పంపినది.