చీపురు పట్టినోళ్లకు కుర్చీ ఏది?

ఈ భాగంలో హోటళ్ల గురించి మాట్లాడుకుందాం.

కోడూరు మీదుగా హంసలదీవి బీచ్‌కి జనం వస్తున్నారు. దివిసీమకూ రిసార్టులు రావాలనేవాళ్లున్నారు. రానివ్వండి, మన పిల్లలకూ పనులు కావాలి. కానీ రిసార్టుతో పాటే ‘గ్రీన్ హోటల్’ అనే మాటా వస్తుంది. ‘గ్రీన్ కీ’ లాంటి అంతర్జాతీయ గుర్తింపు కావాలంటే సిబ్బందికి పర్యావరణ శిక్షణ ఇవ్వాలి. మంచిదే. నేనడిగేది ఒక్కటే: ఆ క్లాసులో కుర్చీ ఎవరికి?

టవల్ మళ్లీ వాడమని అతిథికి మర్యాదగా ఎలా చెప్పాలో రిసెప్షన్ వాళ్లకు నేర్పుతారు. ఎంగిలి తీసేవాళ్లు, బాత్రూములు కడిగేవాళ్లు, చెత్త మోసేవాళ్లు కాంట్రాక్టర్ మనుషులంటారు. వాళ్లెక్కువగా ఏ వాడల నుంచి వస్తారో మీకు నేను చెప్పాలా? చెత్తంతా పోయేది వాళ్ల చేతుల మీదుగానే. శిక్షణ మాత్రం వాళ్ల దాకా రాదు.

తడి చెత్త, పొడి చెత్త పుట్టినచోటే వేరు చేయాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు హోటళ్లకు చెప్పాయి. వంటగదిలో వేరు చేయకపోతే తర్వాత వట్టి చేతులతో గాజు పెంకుల్లోంచి విడదీసేది ఎవరు? అక్కడ వేరు చేయనిది చెత్తను. వేరు చేసింది మనుషుల్ని.

చెత్త తర్వాత సెప్టిక్ ట్యాంకు. 2019 జూన్‌లో గుజరాత్‌లోని దభోయి దగ్గర ఒక హోటల్ ట్యాంకులో ఏడుగురు చనిపోయారు. నలుగురు పారిశుద్ధ్య కార్మికులు, ముగ్గురు ఆ హోటల్ ఉద్యోగులే. ట్యాంకులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కుకి వాసనే తెలియదు. వాసన లేదు కదా అని దిగితే ప్రాణం పోతుంది. పడిపోయినవాడిని లాగబోయి ఇంకొకడూ పోతాడు. హోటల్ ఉద్యోగికి మొట్టమొదట నేర్పాల్సిన పర్యావరణ పాఠం ఇది కాదా?

చట్టం లేక కాదు. రక్షణ లేకుండా మనిషిని ట్యాంకులోకి దించితే మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు అంటుంది 2013 చట్టం. ఇలాంటి చావులకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మన తెలుగుబిడ్డ బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా పోరాడుతున్నది దీని మీదే. మనకు పరిహారం కాదు, ప్రాణం కావాలి.

ఇంకొక మాట. కోడూరు డెల్టాకి శివారు. సాగునీరు మనకి ఆఖరున వస్తుంది, ఎగువ మురుగు మాత్రం డ్రెయిన్లలో మన దాకా దిగుతుంది. హోటల్ ట్యాంకు తీసుకెళ్లి డ్రెయిన్లో ఖాళీ చేస్తే ఆ నీళ్లలో పీతలు పట్టుకునేది ఎవరు?

కాబట్టి అడుగుదాం. శిక్షణ తెలుగులో, డ్యూటీ టైములో, జీతంతో ఇవ్వాలి. కాంట్రాక్టు కార్మికులతోనే మొదలుపెట్టాలి. గ్లౌజులు, బూట్లు ఇవ్వాలి. ట్యాంకుకి మిషనే రావాలి, ఎక్కడ ఖాళీ చేశారో లెక్క చూపాలి. ఏ హోటల్లో ఏం పారేస్తారో అందరికంటే బాగా తెలిసినది ఆ ఊడ్చే అక్కలకే. వాళ్లని పాఠం చెప్పేచోట కూర్చోబెట్టాలి.

హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రేపు మీ క్లాసులో ఈ ప్రశ్న అడగండి. సర్టిఫికెట్ గోడ మీదుంటే చాలదు, మనిషి ట్యాంకు బయట ఉండాలి.

జై భీమ్!