బరువు బులెట్ ఎప్పుడూ కిందికే తగులుతుందా?



గత సంచికలో అమెరికా వేట తుపాకుల మీద వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. లివర్ యాక్షన్ కార్బైన్‌లో 150 గ్రెయిన్ల బులెట్ మాని 170 గ్రెయిన్లది వాడితే బరువెక్కువ కాబట్టి కిందికి తగులుతుందనీ, గురి కాస్త పైకి పెట్టుకుంటే సరిపోతుందనీ అందులో రాశారు. ఆ సలహాతోనే నా పేచీ. ఇక్కడ టెక్సాస్‌లో నవంబరు జింకల సీజను దగ్గరపడుతుంటే ఈ మాట తరచూ వినిపిస్తుంది. దీన్ని నమ్మి నేరుగా వేటకు వెళ్తే జింక చావక గాయంతో పారిపోవచ్చు.

ముందు భూమ్యాకర్షణ సంగతి చూద్దాం. బరువులో తేడా ఉన్నా బులెట్లు కిందికి పడే తీరు ఒకటే. ఏది ఎక్కువసేపు గాలిలో ఉంటే అది ఎక్కువ పడుతుంది, అంతే. వించెస్టర్ 94 కార్బైన్‌తో పేరుపడ్డ .30-30 కార్ట్రిడ్జినే తీసుకోండి. కంపెనీల లెక్కల్లో 150 గ్రెయిన్ల బులెట్ వేగం సెకనుకు సుమారు 2,390 అడుగులు, 170 గ్రెయిన్లది 2,200 అడుగులు. 20 అంగుళాల కార్బైన్ గొట్టంలో రెండూ ఇంకొంచెం తగ్గుతాయి. 100 గజాలు చేరేసరికి రెండోది సెకనులో వందో వంతు వెనకబడుతుంది. ఆ ఆలస్యానికి అదనంగా పడేది అర అంగుళం పైచిలుకు మాత్రమే.

మరి కొన్ని కార్బైన్లలో బులెట్ మార్చగానే తగిలే చోటు రెండు మూడు అంగుళాలు జరుగుతుందేం? అదీ ఒక్కోసారి పైకి, ఒక్కోసారి పక్కకి? కారణం బులెట్ ఇంకా గొట్టంలో ఉన్నప్పుడే మొదలవుతుంది. మందు అంటుకోగానే తుపాకీ వెనక్కి తన్నడం ఆరంభిస్తుంది. గొట్టం భుజానికి ఆనే చోటు కంటే ఎత్తున ఉంటుంది కనుక మూతి పైకి లేస్తుంది. బులెట్ లోపల ఉండేది సెకనులో వెయ్యో వంతుకు కొంచెం అటూ ఇటూ. బరువైనది నెమ్మదిగా కదులుతుంది, తన్నూ ఎక్కువే. మూతి మరికాస్త లేచాక బయటపడుతుంది. దగ్గరి దూరంలో బరువు బులెట్ పైన తగలడం రివాల్వర్ కాల్చేవారికి కొత్త కాదు. కార్బైన్‌లోనూ అలా జరగవచ్చు.

దీనికి తోడు ఈ తుపాకీ నిర్మాణం ఒకటి. గొట్టం కిందే మ్యాగజీన్ గొట్టం, రెండింటినీ కలిపి బిగించే లోహపు పట్టీలు, ముందు చెక్క. కాల్చినప్పుడు గొట్టం కంపించే తీరు ఈ బిగింపుల మీద ఆధారపడుతుంది. అందుకే ఒకే మోడల్ తుపాకులు రెండూ ఒకేలా ప్రవర్తించాలని లేదు. పక్కవాడి తుపాకీ లెక్క మనకు పనికిరాదు.

పొదల్లో 50 గజాల లోపు కొట్టే తుపాకీకి ఇంత గొడవెందుకని కొందరంటారు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న భాగం సుమారు ఎనిమిది అంగుళాలు ఉంటుంది, నిజమే. కానీ నిలబడి కాల్చేవాడి చేతి వణుకు అందులో చాలా భాగాన్ని తినేస్తుంది. మిగిలినదాన్ని తెలిసి తెలిసి బులెట్ మార్పుకు వదులుకోవడం దేనికి?

కాబట్టి సలహా ఇలా ఉండాలి: బరువు మారినా, కంపెనీ మారినా కాగితం మీద మళ్లీ కాల్చి చూడాలి. 100 గజాల దూరంలో, తుపాకీని దిండు మీద ఆనించి, గొట్టం చల్లారనిస్తూ మూడేసి చొప్పున కాల్చాలి. ఏదో ఒక్క రంధ్రాన్ని కాక గుంపు మధ్య భాగాన్ని చూసి సైటు సరిచేయాలి. తగిలే చోటు పైకి జరగాలంటే వెనక సైటును పైకి, కుడికి జరగాలంటే కుడికి. ఆపైన సీజను ముగిసేదాకా అదే రకం వాడాలి. దీనికయ్యే ఖర్చు ఒక పెట్టె కార్ట్రిడ్జిలు.

సీజను మొదలవకముందే పై సంచికలో ఆ వాక్యాన్ని సవరించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శాన్ ఆంటోనియో, టెక్సాస్